ఎగ్జిబిషన్ సెట్టింగు

కోడూరు,
ఆగస్టు 6.

నిస్సీకి,

ప్రభువు నామంలో వందనాలు అని మొదలుపెట్టాలి. మీ ఇంటికి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచి నీకు ఏం రాసినా అలాగే మొదలుపెట్టాను. ఈసారి చెయ్యి రావడం లేదు. ఫోన్ చేయొచ్చు కదా వదినా అంటావేమో. ఫోన్‌లో నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నేను అడగాల్సింది మరిచిపోయి నిన్ను ఓదారుస్తూ కూర్చుంటాను. కాగితం మీద నీకు ఆ సౌకర్యం లేదు. జవాబు కూడా కాగితం మీదే ఇవ్వు. ఫోన్ చేస్తే ఎత్తను.

మీ అన్నయ్యని సీతారామయ్య గారు తన రొయ్యల చెరువు కాపలా పనిలోంచి తీసేశారు. ఈ సంగతి నీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అయినా ఒక్క మాట అడగలేదు నువ్వు. పోయిన నెలాఖరున, ఇంకో వారంలో రొయ్యల పట్టుబడి అనగా, తెల్లారేసరికి చెరువు చెరువంతా పోయింది. నీళ్లలో ఆక్సిజన్ అయిపోయి రొయ్య మొత్తం పైకి తేలింది. నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు తిరగలేదు, సైరన్ మోగలేదు. గట్టు మీద కాపలా ఉన్నది మీ అన్నయ్య. జాన్సన్ తాగి పడుకున్నాడు, అందుకే చెరువు పోయిందని కోడూరు సెంటర్లో టీకొట్టు దగ్గర ఇప్పుడు అందరూ చెప్పుకుంటున్నారు. తాగి! మీ అన్నయ్య! పెళ్లిలో కూల్‌డ్రింకు ఇచ్చినా వాసన చూసి తాగే మనిషి.

ఆ ఉదయం ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడి నాతో ఒకే ఒక్క మాట అన్నాడు. "పెట్టె బాగానే చూపించింది సువర్ణా. ఐదు పైనే ఉంది, పచ్చ లైటే ఉంది" అని. అంతే. తర్వాత ఆ ఊసెత్తితే లేచి బయటికి వెళ్లిపోతున్నాడు. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. కూరలో ఉప్పెక్కువైనా మాట్లాడడు. అలా ఉన్న మగవాడితో కాపురం చేయడం ఎంత కష్టమో నీకు తెలియదు.

ఆ పెట్టె ఎవరిదో గుర్తుచేయాలా? మీ గుడివాడ కంపెనీది. మా చెల్లెలు తయారుచేసింది, మా చెల్లెలు తయారుచేసింది అని మీ అన్నయ్య ఊరంతా చెప్పుకుని, వెంటపడి సీతారామయ్య గారి చేత కొనిపించిన పెట్టె. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చూసి, తగ్గితే దానంతటదే ఏరేటర్లు వేస్తుంది, ఇంకా తగ్గితే సైరన్ కొడుతుంది అని నువ్వు చెప్పావు. అది పెట్టాక ఏరేటర్లు చేత్తో వేయొద్దని, కరెంటు దండగని సీతారామయ్య గారు గట్టిగా చెప్పారు.

అంగన్‌వాడీలో పిల్లలకి పాటలు చెప్పుకునేదాన్ని, నాకు మీ చిప్పులూ ప్రోగ్రాములూ తెలియవు. ఒక్కటే అడుగుతున్నాను. నీ పెట్టె అబద్ధం చెబుతుందా?

సువర్ణ


గుడివాడ,
ఆగస్టు 12.

వదినకి,

వందనాలు. నీ ఉత్తరం ఆఫీసుకి వచ్చింది. ఏదో శుభవార్త అనుకుని అందరి ముందు చింపాను. అన్నయ్య పని పోయిందని నాకు తెలుసు. ఎలా అడగాలో తెలియక అడగలేదు. దానికి నువ్వు ఎన్నయినా అను.

పెట్టె గురించి మాత్రం అలా అనుమానించకు. నీ ఉత్తరం అందిన రోజే ప్రోగ్రాం మొత్తం కూర్చుని చదివాను. ఆక్సిజన్ నాలుగు కంటే తగ్గితే ఏరేటర్లు వేయాలి. మూడు కంటే తగ్గితే సైరన్ కొట్టాలి. అసలు నీళ్లలోని సెన్సర్ నుంచి అంకే రాకపోతే ఎర్ర లైటు వేసి సైరన్ కొట్టాలి. అన్నీ నేను రాసినవి రాసినట్టే ఉన్నాయి. నా టేబుల్ మీద బకెట్టు పెట్టి పరీక్షించాను కూడా. సెన్సర్ వైరు పీకితే ఎర్ర లైటు వెలిగింది, సైరన్ మోగింది, పక్కన ఫొటో స్టూడియో వాళ్లు వచ్చి మమ్మల్ని తిట్టిపోయారు.

కాబట్టి ప్రోగ్రాంలో తప్పు లేదు. అది తయారుచేయడానికి నేను పడ్డ పాట్లు నీకు తెలియవు. ఎవరో టీకొట్టు దగ్గర అన్నారని నువ్వు నా పనిని అబద్ధం అనేస్తే నాకూ కోపం వస్తుంది.

అన్నయ్య అబద్ధం చెప్పాడని నేననను. కానీ మనిషే కదా వదినా. గట్టు మీద ఒక్కడే అన్ని గంటలు కూర్చోవాలి. కాసేపు కన్ను మూసుకుపోయి ఉంటుంది, ఆ కాస్తలోనే జరిగిపోయి ఉంటుంది. అదేం నేరం కాదు. సీతారామయ్య గారి కోపం తగ్గాక నేనొచ్చి మాట్లాడతాను.

నిస్సీ


కోడూరు,
ఆగస్టు 17.

ఇంజనీరు గారికి,

కన్ను మూసుకుపోయిందా? ఆ మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందే?

నువ్వు డిప్లొమా చదివేటప్పుడు టైఫాయిడ్‌తో మచిలీపట్నంలో ఆసుపత్రి మంచం మీద పడి ఉంటే నీ పక్కన స్టూలు మీద కూర్చున్నది ఎవరు? నేను క్యారేజీ తెచ్చి, కాసేపు నడుం వాల్చండి, నేను చూస్తాను అంటే, సెలైను అయిపోతే నీకు తెలియదు అని నన్ను పంపేసిన మనిషి. ఆ మనిషికి నిద్రాపుకోవడం రాదని నువ్వు రాస్తున్నావు. పరాయి వాళ్లంటే నాకింత బాధ లేదు. టీకొట్టు వాళ్లకీ నీకూ ఏం తేడా? వాళ్లు తాగి పడుకున్నాడన్నారు, నువ్వు తాగకుండా పడుకున్నాడన్నావు.

ఇక్కడి సంగతి కూడా విను. మన చర్చిలో సండే స్కూలు పిల్లల్ని మీ అన్నయ్యే చూసేవాడు కదా. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకొమ్మని సంఘ పెద్దలు పిలిచి చెప్పారు. విశ్రాంతట! మీ అన్నయ్య తలూపి వచ్చేశాడు. నేను ఊరుకోలేదు. ఆయన తాగడం మీలో ఎవరు చూశారు, చెయ్యెత్తండి అని అడిగాను. ఎవరూ ఎత్తలేదు. ఆడదానికి అంత నోరు పనికిరాదని మాత్రం చెప్పారు. ఆ ఆదివారం పిల్లలు కిటికీలోంచి జాన్సన్ మావయ్యా అని పిలుస్తుంటే ఈయన చెప్పులు వేసుకుని ఇంటికి నడిచొచ్చేశాడు. వెనక్కి కూడా తిరగలేదు.

నీ ఉత్తరం మళ్లీ చదివాను, మంచి ఏదైనా దొరుకుతుందేమోనని. ఒకటి దొరికింది. నువ్వు చదివింది నీ ప్రోగ్రాం. పరీక్షించింది నీ టేబుల్ మీది పెట్టె. మా గట్టు మీదున్న పెట్టె గురించి ఒక్క ముక్కయినా రాశావా? నీ ఇంట్లో అన్నం మెతుకు పట్టి చూసి, మా ఇంట్లో అన్నం ఉడికిందని చెబుతున్నావు. ఆ పెట్టె ఇంకా సీతారామయ్య గారి షెడ్డులోనే ఉంది, తాళం ఆయన దగ్గరే ఉంది. అలాంటిదే ఇంకోటి మీ దగ్గర ఉంటే తెరిచి చూడు. లేకపోతే నాకు తెలియదు అని ఒప్పుకో. నీకు తెలియని దానికి మీ అన్నని తూకం వేయకు.

సువర్ణ


గుడివాడ,
ఆగస్టు 26.

వదినా,

ఇవాళ నాకు ఎంత ఒళ్లు మండుతోందంటే పెన్ను కాగితంలోకి దిగబడుతోంది. నువ్వు తిట్టినవన్నీ నాకు తగినవే.

మీకు పంపిన బ్యాచ్‌లో పెట్టె ఒకటి మా స్టోర్‌రూంలో మిగిలి ఉంది. తెచ్చి కరెంటు పెట్టాను. ఇంకా సెన్సర్ తగిలించలేదు. పచ్చ లైటు వెలిగింది. ఐదు పాయింట్ రెండు అని చూపించింది. కాసేపటికి ఐదు పాయింట్ మూడు. మళ్లీ ఐదు పాయింట్ ఒకటి. సెన్సర్ లేదు, నీళ్లు లేవు, చెరువే లేదు వదినా! నా కుర్చీ పక్కన నేల మీద కూర్చుండిపోయాను.

నీకు అర్థమయ్యేలా చెబుతాను. మేం ప్రోగ్రాం ఒకటే రాస్తాం. దాన్ని పెట్టెలోని చిన్న చిప్పుకి తెలిసే భాషలోకి మార్చి అందులోకి ఎక్కిస్తాం. దాన్ని బిల్డ్ చేయడం అంటారు. బిల్డ్ చేసేముందు కంప్యూటర్‌కి కొన్ని సెట్టింగులు చెప్పాలి. ఇది ఏ చిప్పు, దానికి మెమరీ ఎంత, ప్రోగ్రాంలో ఏ భాగం చేర్చాలి, ఏ భాగం వదిలేయాలి, ఇలాంటివి. రాసింది అదే అయినా సెట్టింగు మారితే పెట్టె చేసే పని మారిపోతుంది. నేను రాసింది చదివి తప్పు లేదన్నాను. సెట్టింగు చూడలేదు.

పోయినేడు మచిలీపట్నంలో ఆక్వా ఎగ్జిబిషన్‌లో మా కంపెనీ స్టాలు పెట్టింది. స్టాల్లో చెరువుండదు కదా, ఎర్ర లైటు, ఆగకుండా సైరను. వచ్చినవాళ్లు చెవులు మూసుకుని వెళ్లిపోతున్నారు. చూడ్డానికి బాగుండాలమ్మా, ఏదో ఒకటి చెయ్యి అన్నారు మా యజమాని వెంకటపతి గారు. సెన్సర్ లేనప్పుడు ఐదు చుట్టుపక్కల ఏదో అంకె చూపించే ముక్క నేనే రాసిచ్చాను. నిజంలా ఉండాలని అంకె కొంచెం అటూ ఇటూ కదిలేలా రాశాను. దానికో సెట్టింగు పెట్టాను. ఎగ్జిబిషన్ అని పేరు. అది ఒకటి అయితే ఆ ముక్క చేరుతుంది, సున్నా అయితే చేరదు. అమ్మే పెట్టెల్లో సున్నా ఉండాలి.

మా ఆఫీసులో ఒక పద్ధతుంది. కొత్త మోడల్ వస్తే సెట్టింగులు మొదట్నుంచి ఎవరూ పెట్టరు. ఆఖరుగా పనిచేసిన ప్రాజెక్టు ఫోల్డరు కాపీ చేసి, పేరు మార్చి, చిప్పు మార్చి, బిల్డ్ నొక్కేస్తారు. కొత్తగా చేరిన పూర్ణిమ అనే అమ్మాయి మీ బ్యాచ్‌కి కాపీ చేసింది ఎగ్జిబిషన్ ఫోల్డరు. అందులో ఆ సెట్టింగు ఒకటిగానే ఉండిపోయింది. ఆ పిల్లని ఏమంటాను? అందరూ చేసేదే చేసింది. వాళ్ల నాన్న పెడనలో కలంకారీ అద్దకం చేస్తారు. నేను చెప్పగానే, "అక్కా, తప్పు అచ్చుతో తానులన్నీ అద్దేశాను" అంది.

గట్టు మీద వైరు ఏ పందికొక్కో కొరికేసి ఉంటుంది. సెన్సర్ నుంచి అంకె రావడం ఆగిపోయింది, పెట్టె అక్కడ ఎగ్జిబిషన్ మొదలుపెట్టింది. అన్నయ్య చూసిన ఐదు అది. కళ్లు తెరుచుకుని చూశాడు కాబట్టే మోసపోయాడు.

వెంకటపతి గారికి చెప్పాను. తలుపు దగ్గరగా వేసి, "కొత్త వెర్షన్ వచ్చిందని చెప్పి నిదానంగా ఒక్కో పెట్టే మార్చేద్దాం. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. దివిసీమలో కాపలావాడు పడుకున్నాడని వాళ్లే అంటున్నారుగా" అన్నారు. ఆ కాపలావాడు మా అన్నయ్యండీ అన్నాను. "తెలుసమ్మా. అందుకే నీకు మంచిది కాదని చెబుతున్నాను" అన్నారు. నవ్వుతూ అన్నారు వదినా. ఆ నవ్వు చూశాక నాకు ఆ గదిలో గాలి ఆడలేదు.

సీతారామయ్య గారి ఇల్లు బందరులోనే కదా. నేనే వెళ్లి చెబుతాను. అంతవరకు అన్నయ్యకి చెప్పకు, ఆయన ఆశపడితే నేను చూడలేను.

నిస్సీ


కోడూరు,
ఆగస్టు 30.

నిస్సీ,

వెళ్లు. ఇవాళే వెళ్లు. సెలవు ఇవ్వకపోతే పెట్టకుండా వెళ్లు.

నిజంలా ఉండాలని కదిలేలా రాశాను అన్నావు చూడు, అక్కడ ఉత్తరం కింద పెట్టి పెరట్లోకి వెళ్లి నీళ్లు తోడి మొహం కడుక్కుని వచ్చాను. అంత చక్కగా రాయమని నిన్ను ఎవరు అడిగారే? మొద్దులా ఒకటే అంకె చూపించి ఉంటే మీ అన్నయ్యకి అనుమానం వచ్చేది కదా. దాని గురించి నీతో నేను వేరే కూర్చుని మాట్లాడతాను. ముందు ఈ పని చూడు.

సువర్ణ


మచిలీపట్నం బస్టాండు,
సెప్టెంబర్ 3.

వదినా,

బస్సు ఇంకా రాలేదు. గుడివాడ చేరేదాకా ఆగలేక ఇక్కడే బల్ల మీద కూర్చుని రాస్తున్నాను.

స్టోర్‌రూంలో ఉన్న పెట్టె తెద్దామంటే వెంకటపతి గారు తాళం వేయించారు. లాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను. సీతారామయ్య గారు కుర్చీ వేయించి కాఫీ ఇప్పించారు. నేను చెప్పిందంతా అడ్డురాకుండా విన్నారు. విని ఏమన్నారో తెలుసా? "మీ అన్న నా రెండు చేతులూ పట్టుకుని చెప్పాడమ్మా, పెట్టెది తప్పు కాదండి, నేనే పడుకున్నాను అని. నువ్వొచ్చి పెట్టెదే తప్పంటున్నావు. తోడబుట్టినదానివి, బాధుంటుంది. నేనర్థం చేసుకుంటాను" అన్నారు.

లాప్‌టాప్ తెరిచి సెట్టింగు చూపించబోయాను. "అవన్నీ మీకు కావలసినట్టు మీరే రాసుకుంటారు కదమ్మా" అన్నారు. లాప్‌టాప్ మూసేశాను. కాఫీ తాగకుండా వచ్చేశాను.

అన్నయ్య తనే ఒప్పుకున్నాడా? నీకీ సంగతి తెలుసా? తెలిసి నాకు రాయలేదా? నేను ఆఫీసులో అందరితో గొడవపడి, ఉద్యోగం మీదికి తెచ్చుకుని, సీతారామయ్య గారి గుమ్మంలో పిచ్చిదానిలా నిలబడ్డాను. నిజంగానే పడుకుంటే అలాగే చెప్పండి, ఈ గొడవ ఆపేస్తాను. పడుకోకపోతే పడుకున్నానని చెప్పమని ఎవరు చెప్పారు? కనుక్కుని రాయి. నాకిప్పుడు సీతారామయ్య గారి మీద కంటే మీ ఇద్దరి మీదే కోపంగా ఉంది.

నిస్సీ


కోడూరు,
సెప్టెంబర్ 8.

నిస్సీ,

నాకేం తెలుసు? నాకు తెలిస్తే నీకు రాయకుండా ఉంటానా?

నీ ఉత్తరం చదివి పెరట్లోకి వెళ్లాను. మీ అన్న వల బాగుచేసుకుంటున్నాడు. ఎదురుగా కూర్చుని, "ఏవండీ, సీతారామయ్య గారితో ఏం చెప్పారు?" అన్నాను. తల ఎత్తలేదు. "పడుకున్నానని చెప్పారా?" అన్నాను. "ఊఁ" అన్నాడు. "పడుకున్నారా?" అన్నాను. ముడులు వేస్తూనే ఉన్నాడు. చేతిలోంచి వల లాక్కున్నాను.

అప్పుడు చెప్పాడు. చచ్చిన రొయ్య ముందు నిలబడి సీతారామయ్య గారు ఆ ఉదయం అరిచారట. "ఈ పెట్టె ఎవరిది? నీ చెల్లెలిదే కదా! ఆ కంపెనీని బజారుకీడుస్తాను, ఆ పిల్లకి ఎక్కడా ఉద్యోగం లేకుండా చేస్తాను" అని. "కొనిపించింది నేనే కదా సువర్ణా. పెట్టె తప్పంటే నిస్సీ పోతుంది. నేను పడుకున్నానంటే నేనొక్కడినే పోతాను" అన్నాడు మీ అన్న.

నేనొక్కడినేనట! నేను మనిషిని కానా? నేను లెక్కలోనే లేనా? తాగుబోతు పెళ్లామని నన్ను చూసి అంగన్‌వాడీ గుమ్మంలో తల్లులు గుసగుసలాడుకుంటుంటే, పిల్లలకి గుడ్లు పంచుతూ విననట్టు నటించాను. "మీరు పోతే మీతో పాటు నేను పోనా?" అని అడిగాను. "తాగానని నేననలేదు, అది వాళ్లే కలుపుకున్నారు" అన్నాడు. చూడు, దానికి ఆ జవాబు. అబద్ధం ఒకటి వదిలితే రెండోది ఎవరో కలుపుతారని ఈ సండే స్కూలు మాస్టారుకి తెలియదు.

ఇంకోటి విను. నాగాయలంక వైపు ఒక కౌలు రైతుకి అదే పెట్టె ఉంది. మొన్న ఆయన చెరువు సగం పోయింది. అక్కడ కాపలా అబ్బాయిని స్తంభానికి కట్టి కొట్టారట. పెట్టె బాగానే చూపించింది అని వాడు ఏడ్చాడట. నిన్న మా అంగన్‌వాడీకి వచ్చిన అక్కడి ఆయా చెప్పింది. అది మీ అన్నకి చెప్పాను. "మీరు నోరు మూసుకుని నిస్సీని కాపాడుతున్నారు, అక్కడ ఎవరి కొడుకో మీ బదులు దెబ్బలు తిన్నాడు" అన్నాను. మొహం ఇటు తిప్పాడు. మీ అన్న కళ్లలో నీళ్లు నేను చూడటం ఇదే మొదటిసారి. జాలి పడలేదు. నా కోపం ఇంకా అయిపోలేదు.

అయినా సీతారామయ్య గారి దగ్గరికి వెళ్లి నిజం చెప్పడట. "నిస్సీ ఉద్యోగం పోతుంది" అదొక్కటే మాట. మీ అన్నాచెల్లెళ్లు ఒకరినొకరు ఇలాగే కాపాడుకుంటూ కూర్చోండి. నాకు చేతనైంది నేను చేశాను. ఇంక నువ్వే చెయ్యి.

సువర్ణ


గుడివాడ,
సెప్టెంబర్ 15.

అన్నయ్యా,

ఈ ఉత్తరం నీకే. వదిన చేత చదివించుకోకు, నువ్వే చదువు.

నువ్వు కాపాడుతున్న ఉద్యోగం ఇప్పుడు లేదు. శుక్రవారం రాజీనామా ఇచ్చాను. ఇచ్చేముందు రెండు పనులు చేశాను. ఎగ్జిబిషన్ సెట్టింగు ఒకటి అని ఉంటే అమ్మే పెట్టెకి బిల్డే అవ్వకుండా ఆగిపోయేలా పూర్ణిమా నేనూ కలిసి రాశాం. ఇక ఎవరు ఏ ఫోల్డరు కాపీ చేసినా ఆ అంకె చెరువు మీదికి వెళ్లదు. రెండోది, ఆ బ్యాచ్ పెట్టెలు కొన్న రైతులందరికీ నేనే ఫోన్ చేశాను. పెట్టెని నమ్మకండి, ఏరేటర్లు చేత్తో వేసుకోండి, అనుమానముంటే సెన్సర్ వైరు పీకి చూడండి అని చెప్పాను. కొందరు బూతులు తిట్టారు. ఒకాయన చూసి మళ్లీ ఫోన్ చేసి, నిజమేనమ్మా అని పెట్టేశాడు. నాగాయలంక ఆయనకి కూడా చెప్పాను. ఆ అబ్బాయికి క్షమాపణ చెప్పమన్నాను. చెప్పాడో లేదో తెలియదు. వెంకటపతి గారు కేసు పెడతానంటున్నారు. పెట్టుకోమన్నాను.

నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. నా బదులు పోతానని నువ్వు ఎవరినడిగి అనుకున్నావు? నన్ను అడిగావా? నా పెట్టె తప్పు చేస్తే ఆ తప్పు నాకు తెలియాలి కదా. నువ్వు నోరు విప్పకపోబట్టే నేను తప్పుగా ఊహించి, వదినకి ఉత్తరం కూడా రాశాను, కన్ను మూసుకుపోయి ఉంటుందని. నా చేత ఆ మాట రాయించింది నువ్వు. నువ్వు దాచింది నన్ను కాదు అన్నయ్యా, వెంకటపతి గారిని. ఆయన నీ పేరు చెప్పి నవ్వాడు.

సీతారామయ్య గారు నా లాప్‌టాప్‌ని నమ్మరు. ఆయన్ని నమ్మమని అడగొద్దు. షెడ్డు తాళం తీయించి, ఆయన ముందే పెట్టె ఆన్ చేసి, సెన్సర్ వైరు పీకి ఆయన చేతిలో పెట్టు. తర్వాత పెట్టె వైపు చూడమను. దానికి నేనక్కర్లేదు, చదువక్కర్లేదు. కానీ నేను పడుకోలేదు అన్న మాట మాత్రం పెట్టె చెప్పదు. అది నువ్వే చెప్పాలి.

నిస్సీ


కోడూరు,
సెప్టెంబర్ 29.

నిస్సీకి,

ప్రభువు నామంలో వందనాలు.

నీ ఉత్తరం మీ అన్నయ్య అరుగు మీద కూర్చుని చదివాడు. చదివి మడిచి జేబులో పెట్టుకుని బందరు బస్సెక్కాడు. ఎక్కడికండీ అంటే కూడా చెప్పలేదు. మర్నాడు సీతారామయ్య గారి కారు చెరువు దగ్గరికి వచ్చిందని తెలిసి నేనూ పరుగెత్తాను. అంగన్‌వాడీ ఆయాకి అప్పగించి వెళ్లాను, సూపర్‌వైజర్ ఏమంటే అననీ.

షెడ్డు తీశారు. మీ అన్నయ్య పెట్టె ఆన్ చేశాడు. పచ్చ లైటు, ఐదు పాయింట్ మూడు. వైరు పీకి సీతారామయ్య గారి అరచేతిలో పెట్టాడు. పెట్టె ఐదు పాయింట్ రెండంది. ఐదు పాయింట్ నాలుగంది. సీతారామయ్య గారు చేతిలో వైరు చూస్తారు, పెట్టె చూస్తారు, మళ్లీ వైరు చూస్తారు. ఎండిపోయిన చెరువు ముందు నిలబడి ఉన్నాం ముగ్గురం. అడుగున నీళ్లు కూడా లేవు, అంతా నెర్రెలు.

"నేను పడుకోలేదండి. చూస్తూనే ఉన్నాను. ఇదే చూస్తూ ఉన్నాను" అన్నాడు మీ అన్నయ్య.

"మరి నాతో ఎందుకు అబద్ధం చెప్పావు జాన్సన్?" అన్నారాయన.

"మీరు మా చెల్లెల్ని అన్నారండి."

ఆయన వైరు నేల మీద పడేశారు. రేపట్నుంచి పనిలోకి రా అన్నారు. అంతటితో అయిపోయిందనుకుని నేను కళ్లు తుడుచుకుంటున్నాను. మీ అన్నయ్య రానన్నాడు! "నేను తాగి పడుకున్నానని ఊళ్లో అన్నారండి. మీరు కాదనలేదు. మా చర్చి దగ్గరికొచ్చి, నేను పడుకోలేదని అందరి ముందూ చెప్పండి. అప్పుడొస్తాను" అన్నాడు. ఆ పెద్దమనిషితో ఎవరూ అలా మాట్లాడగా నేను చూడలేదు. ఆయన కారెక్కి వెళ్లిపోయారు. ఇంక రారు, ఈ పనీ పోయింది అనుకున్నాను.

నిన్న ఆదివారం వచ్చారు. ఆరాధన అయ్యేదాకా బయట కారులోనే కూర్చున్నారు. జనం బయటికి రాగానే చెప్పులు విడిచి మెట్ల దగ్గర నిలబడి, "జాన్సన్ పడుకోలేదు. తాగలేదు. పెట్టెది తప్పు. నేను తొందరపడ్డాను" అన్నారు. సంఘ పెద్దలు ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వచ్చే వారం నుంచి పిల్లల్ని చూసుకోమని మీ అన్నయ్యని అడిగారు. నేను ముందుకెళ్లి, "నా నోరు ఇప్పుడు పనికొచ్చిందా అండీ?" అని అడిగేశాను. మీ అన్నయ్య నా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. ముద్ద కలిపి, పప్పులో ఉప్పు లేదేంటి అని నా మీద కేకేశాడు. నేను ఉప్పు తేవడానికి లేచానో లేదో, నీ మీద పడ్డాడు. ఎవరినడిగి రాజీనామా ఇచ్చింది? ఇంటి అద్దె ఎవరు కడతారు? దాని తెలివి ఏమైంది? కదిలే అంకెలు రాస్తుందా, నాకు చూపించకుండా? రైతులకి ఫోన్ చేసి తిట్లు తినడమెందుకు, నాతో చెబితే నేను చేసేవాణ్ణి కాదా? ఒకటి కాదు. కంచంలో అన్నం ఆరిపోయింది, ఆయన ఆపలేదు. పక్కింటి దేవమ్మ గారు గోడ మీద నుంచి తొంగి చూసి, ఏంటమ్మా జాన్సన్ గొంతు వినబడుతోంది, ఎన్నాళ్లయింది అంది. నేను గరిట పట్టుకుని గోడకి ఆనుకుని ఏడుస్తూ నవ్వుతూ విన్నాను.

నువ్వు వచ్చే ఆదివారం రా నిస్సీ. నీ తిట్లు నువ్వొచ్చి తిను, ఇక్కడ ఇంకా చాలా ఉన్నాయి.

మీ వదిన,
సువర్ణ